మలుపు దగ్గర బొండాల బండి

ప్రతి యేటా జనవరి మొదటివారంలో మా ఊరి వార్తలు వేసే పేజీలో, ఓ మూల, నాలుగైదు పంక్తుల వార్త ఒకటి పడుతుంది. పోయిన యేడు ఇన్ని రోడ్డు ప్రమాదాలు, ఇంతమంది మృతులు, అంతకుముందు యేటికంటె ఇంత తక్కువ, లేదా ఇంత ఎక్కువ. తక్కువైతే పక్కన ఒక అధికారిగారి ఫోటో ఉంటుంది. ఎక్కువైతే ఉండదు. మా ఇంట్లో ఆ వార్త చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఆవిడ పేపరు ఎప్పుడూ చివరి పేజీనుంచి మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతుంది. మావాడు బొత్తిగా పేపరే ముట్టుకోడు.

తెలుగు ఎమ్మే చదివిన నాబోటివాడికి అంకెలతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. అది తరువాత చెబుతాను. ముందు లెక్క సంగతి.

మా ఊరి పేరు చెప్పను. మీ ఊరే అనుకోండి, నష్టం లేదు. ఇటు పల్లె కాదు, అటు పట్నమూ కాదు. ఇలాటి ఊళ్లో ఒక యేడు 20 మంది రోడ్డుమీద పోయారనీ, మరుసటి యేడు 14 మంది పోయారనీ అనుకుందాం. పేపరువాడు ‘ముప్ఫయి శాతం తగ్గుదల’ అంటాడు. నేనూ సంతోషించేవాణ్ణే. కాని మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడు ఒకాయన ఉన్నాడు, ఎవరి సంతోషాన్నీ నిలవనివ్వడు. ‘‘యేటికి సగటున 17 జరిగే సంగతి ఓ యేడు 20 అవుతుంది, ఓ యేడు 14 అవుతుంది. పాచికలు వేస్తే పడవూ! నీ ఊళ్లో ఏమీ మారకుండానే అంత తేడా రావచ్చు’’ అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? చెడ్డ యేడు రాగానే అందరూ గోలపెట్టి రోడ్డుకు అడ్డంగా ఓ గట్టు పోయిస్తారట. చెడ్డ యేటి తరువాత వచ్చే యేడు దానంతట అదే కాస్త మెరుగ్గా ఉంటుందట. పుణ్యమంతా గట్టుకు పోతుందట. ‘‘జలుబుకి మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు’’ అన్నాడు.

మరి చిన్న ఊరివాడు ఏ అంకెను నమ్మాలి? మూడేళ్లవి కలుపుకోమన్నాడు. ఎన్ని జరిగాయని కాదు, ఎక్కడ జరిగాయని చూడమన్నాడు. సర్కారువారూ ఆ పనే చేస్తారు. జాతీయ రహదారిమీద సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్లలో, చావుగాని పెద్ద గాయాలుగాని అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, మొత్తం పదిమంది చనిపోయినా, ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’ అంటారు. బాగానే ఉంది. కాని మా కాలేజీ మలుపు జాతీయ రహదారిమీద లేదు. అక్కడ పదిమంది పోలేదు. ఒక్కడే పోయాడు.

ఆ ఒక్కడూ నా విద్యార్థి.

బి.ఏ. రెండో సంవత్సరం. మెరికలాంటివాడేం కాదు. ఛందస్సులో గణాలు చెప్పమంటే ‘య మా తా’ అని వేళ్లు మడుస్తూ ఐదో వేలు దగ్గర నవ్వేసేవాడు. 2022లో, శ్రావణమాసంలో, ఒక శుక్రవారం పొద్దున పదిగంటలకి ఐదు నిమిషాలుందనగా మోటారు సైకిలుమీద కాలేజీకి వస్తున్నాడు. మలుపు దగ్గర సందులోంచి సైకిలు తొక్కుకుంటూ ఒక బడిపిల్ల వచ్చింది. బ్రేకు వేశాడు. పిల్లకి గోరంత గాయం కూడా కాలేదు. వీడు మధ్యగోడకి తల కొట్టుకుని పడ్డాడు. హెల్మెట్టు పెట్రోలు టాంకుమీద ఉంది. ఆస్పత్రిలో మూడు రోజులున్నాడు. ప్రమాదమైన 30 రోజుల లోపల పోతే రోడ్డు మరణంగానే లెక్క, అంచేత ఆ లెక్కలోకే ఎక్కి ఉంటాడు.

కేంద్ర రవాణా శాఖవారు యేటా దేశమంతటి లెక్కా ఒక పుస్తకంగా వేస్తారు. 2022లో మన దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. మరుసటి యేడు, 2023లో, అది 1,72,890 అయింది. అంత పెద్ద అంకెలు పాచికల్లా ఆడవు. నిజంగా పెరిగితేనే పెరుగుతాయి. 2020లో కరోనా వచ్చి అంతా ఇళ్లలో కూర్చున్నప్పుడు ప్రమాదాలు బాగా తగ్గాయిగాని, వంద ప్రమాదాలకు ఎందరు చచ్చిపోయారని చూస్తే ఆ సంఖ్య తగ్గకపోగా పెరిగింది. రోడ్డు ఖాళీగా కనబడితే మనవాళ్లకి కాలు ఆగదు కాబోలు. 2022లో పోయినవాళ్లలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాలవాళ్లు. మూడింట రెండువంతులు 18 నుంచి 45 లోపు వయస్సువాళ్లు. హెల్మెట్టు లేకుండా పోయినవాళ్లు 50,029 మంది.

1,68,491. ఆ చివరనున్న ఒకటి మావాడే అని నేను అనుకుంటూంటాను. ఇది లెక్కల మేష్టారికి చెప్పలేదు.

ఇంకొకటి కూడా ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. పది కొట్టగానే క్లాసు తలుపు మూసెయ్యడం నాకు పదిహేనేళ్ల అలవాటు. ఆలస్యంగా వచ్చినవాడికి హాజరు లేదు, బ్రహ్మ దిగివచ్చినా లేదు. క్రమశిక్షణ గల మేష్టారని పేరు. ఆ వేళ పదికి నేను తలుపు మూశాను. ముప్ఫయ్యేడో నంబరు పిలిచాను. పలకలేదు. సున్నా చుట్టాను.

ఆ సోమవారంనుంచి తలుపు వెయ్యడం మానేశాను. పిల్లలు పదీ ఇరవైకి కూడా తాపీగా వస్తున్నారు. ప్రిన్సిపాలుగారు ఒకటి రెండుసార్లు కదిపారు. నేను జవాబు చెప్పలేదు.

మావాడు వేగంగా వస్తున్నాడా? తెలియదు. ఆ పుస్తకంలో, ఏ నియమం తప్పడంవల్ల చావులు జరిగాయో చెప్పే పట్టికలో, 2022లో నూటికి 71 ‘అతివేగం’ పద్దులో పడ్డాయి. వేగం మాట అబద్ధం కాదు. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. 54 అంటే 15 మీటర్లు. కంటికి కనబడి, మనసుకు తట్టి, కాలు బ్రేకుమీదికి పోయేసరికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి ఏమాత్రం తగ్గదు. వేగం ఒకటిన్నర రెట్లయితే దెబ్బ ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. ఇదంతా నిజమే. కాని ‘అతివేగం’ అని రాసి మూతపెట్టేస్తే మలుపు మాట ఎవరు అడుగుతారు? ఆ పిల్ల సైకిలు ముందు చక్రం మావాడికి ఎంత దూరంలో కనబడిందో నేను వెళ్లి అడుగులతో కొలిచాను. ఏడు మీటర్లు లేదు. ఎందుచేతనంటే సందు మొగదల ఒక ఆటో, దాని వెనక రెండు మోటారు సైకిళ్లు, వాటికి ఆనుకుని కొబ్బరిబొండాల బండి.

ఆ బండివాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ వేళ చుట్టూ మూగినవాళ్లలో కొందరు సెల్‌ఫోనుల్లో ఫోటోలు తీస్తూంటే, కుర్రవాణ్ణి ఎత్తి ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది అతనే. రాత్రిదాకా అక్కడే కూర్చున్నాడు. తరువాత రెండురోజులు భయంతో బండి తియ్యలేదు. ‘‘క్షతగాత్రుణ్ణి తెచ్చినవాణ్ణి పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు, సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019లో చట్టంలో కూడా చేర్చారు, నీకేం భయం లేదు’’ అని ధైర్యం చెప్పబోయాను. ‘‘చట్టం మీకు తెలుసు మేష్టారూ, నాకు కానిస్టేబులు తెలుసు’’ అన్నాడు.

ఈ సంగతి ఇలా ఉండగా, మా పాత విద్యార్థి ఒకడు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు, పండక్కి ఫోను చేశాడు. మాటల్లో ఈ మలుపు గొడవ వచ్చింది. ‘‘మాస్టారూ, మా పక్క ఊరు హొబోకెన్ వాళ్లు చేసిందంతా ఆ మూల ఖాళీ చెయ్యడమే’’ అన్నాడు. హొబోకెన్ హడ్సన్ నది ఒడ్డున, న్యూయార్కుకి ఎదురుగా ఉన్న చిన్న నగరం. చదరపు మైలుకి కాస్త పెద్దది, జనం అరవైవేలు. వీధులు ఇరుకు, కార్లు కిక్కిరిసి ఉంటాయి. అక్కడ 2017 జనవరి తరువాత 2024 జనవరి దాకా, ఏడేళ్లలో, రోడ్డు ప్రమాదంలో ఒక్క ప్రాణం పోలేదు. ఏడేళ్ల సున్నాను మా లెక్కల మిత్రుడు కూడా పాచికలని కొట్టిపారెయ్యలేకపోయాడు. కొంచెంసేపు మౌనంగా ఉండి ‘‘ఊఁ’’ అన్నాడు. ఆయన దగ్గర అది ప్రశంసాపత్రం.

వాళ్లేం చేశారు? కూడలి మూలల్లో కార్లు నిలపకూడదన్న నియమం ఆ రాష్ట్రంలో ముందునుంచీ ఉంది: నడిచేవాళ్లు దాటే గీతలకు 25 అడుగుల లోపల బండి ఆపరాదు. అందరూ ఆపేవారు. హొబోకెన్‌వాళ్లు, రోడ్డు మరమ్మతు వచ్చినప్పుడల్లా, ఆ పాతిక అడుగుల్లో ప్లాస్టిక్కు గుంజలు పాతారు. కొన్నిచోట్ల పూలతొట్లు పెట్టారు, కొన్నిచోట్ల సైకిళ్లు నిలిపే చట్రాలు పెట్టారు. బండి పెడదామన్నా చోటు లేదు. దాటే పిల్ల బండివాడికి కనబడుతుంది, బండివాడు పిల్లకి కనబడతాడు. 2018లో మేయరైన రవి భల్లా అనే సిక్కు పెద్దమనిషి ఈ పనిని ఒక ప్రణాళికగా పట్టుకున్నాడు. 2022లో ఊరంతటా వేగం గంటకు 20 మైళ్లకు, అంటే 32 కిలోమీటర్లకు, దించారు. కాలినడకవాళ్లకు పచ్చదీపం కార్లకంటె కొన్ని సెకన్లు ముందు వెలిగించే ఏర్పాటు చేశారు. ఆకాశవంతెనలేం కట్టలేదు.

మన దగ్గర నియమం లేదా? నిక్షేపంలా ఉంది. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే కూడలి దగ్గరా, మలుపు దగ్గరా బండి ఆపరాదని రాసి ఉంది. గుంజ ఒక్కటే లేదు.

ఇక మా ఇంటి సంగతి. మావాడికి పదిహేడు నిండాయి, ఇంటరు రెండో సంవత్సరం. కోచింగుకి వెళ్లడానికి మోటారు సైకిలు కావాలని నెలరోజులుగా సత్యాగ్రహం. మా బావమరిది వాడి పక్షం. ‘‘బావా, నీ రోజుల్లో ఉన్నావు నువ్వు. వీధిలో అందరి పిల్లలూ నడపటంలేదూ!’’ అంటాడు. పద్ధెనిమిది నిండనివాడు గేర్ల బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి సొంతదారుకో మూడేళ్లదాకా జైలు, 25,000 రూపాయలు జరిమానా అని 2019లో చట్టం దిద్దారు. అది చెబితే నవ్వాడు. చట్టం గురించి బొండాలవాడికీ మా బావమరిదికీ ఒకటే అభిప్రాయం, కారణాలే వేరు.

వాడితో తగువులో నేను గెలుస్తూండగా మా ఆవిడ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, ‘‘ఏవండీ, మీ హెల్మెట్టు ఎక్కడుందండీ?’’ అంది. స్కూటరు కొక్కేనికి ఉంది. రోజూ అక్కడే ఉంటుంది. కాలేజీ ఎంతో దూరం లేదు కదా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు హెల్మెట్టు సరిగా పెట్టుకుంటే చావు ముప్పు సుమారు నూటికి 40 వంతులూ, తలగాయం ముప్పు 70 వంతులూ తగ్గుతుందంటారు. ఈ అంకె నేను క్లాసులో చెప్పాను, నాలుగైదుసార్లు చెప్పాను, చెప్పి వట్టి తలతో ఇంటికొచ్చాను. వీడు అది చూస్తూ పెరిగాడు. ఆ వేళనుంచి పెట్టుకుంటున్నాను. చెమటపడుతుంది, జుట్టు రాలుతోందనిపిస్తుంది, ఎదురైనవాళ్లు పలకరిస్తే వినబడదు. దవడకింద పట్టీ కూడా బిగిస్తున్నాను. బండి మాట వాడికి పద్ధెనిమిది నిండాక చూద్దామన్నాను. అలిగాడు. ఇప్పటికి సైకిలుమీద వెళుతున్నాడు, అదే మలుపుమీదుగా.

అంచేత పోయిన నెలలో బొండాలవాడి దగ్గరకు వెళ్లి బండి ఒక ఇరవై అడుగులు వెనక్కి జరుపుతావా అని అడిగాను. బేరం పోతుందేమోనని రెండురోజులు ఆలోచించి జరిపాడు. మర్నాటికి ఆ ఖాళీలో ఒక కారు వచ్చి నిలబడింది. ఆ మర్నాడు అతనే, నేను చెప్పకుండానే, మోకాలెత్తు బండరాళ్లు నాలుగు ఎక్కడినుంచో దొర్లించి తెచ్చి, సున్నంకొట్టి, మూలమీద వరసగా పెట్టాడు. పదిరోజులు మా మలుపు హొబోకెన్‌లా ఉంది. సందులోంచి వచ్చే పిల్లల మొహాలు పాతిక ముప్ఫయి అడుగుల దూరంనుంచే కనబడుతూంటే, నేను స్కూటరు ఆపి ఊరికే చూస్తూ నిలబడ్డ రోజులున్నాయి.

నిన్న సాయంత్రం చూస్తే రాళ్లు మూడే ఉన్నాయి. నాలుగోది ఏమైందని బొండాలవాణ్ణి అడిగాను. కత్తితో చూపించాడు. ఎదుటి పల్లంలో నిలిపిన కారు వెనక చక్రం కింద, కదలకుండా, పెట్టుకున్నారు.