కొత్త మంచం వాసన

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం - ఈ మూడూ శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలని చరకాచార్యులు చెప్పారు. ఆహారం గురించి మనం ఎంతో చర్చిస్తాము. నిద్రించే మంచం గురించి మాత్రం అంతగా యోచించము. మా ఇంట్లో ఒక అనుభవం ఎదురయ్యేవరకు నేనూ యోచించలేదు.

హనుమకొండలో మా అబ్బాయి వేరు కాపురం పెట్టినప్పుడు, టేకు మంచమే చేయించాలని నా భార్య పట్టుబట్టింది. ఏటూరునాగారం అడవుల టేకు పేరు వింటూ పెరిగినవాళ్ళం. మా తండ్రిగారి పట్టెమంచం నేటికీ కిర్రుమనదు. అయితే వడ్రంగి చెప్పిన వెలలో మూడవ వంతుకే దుకాణంలో చూడముచ్చటైన మంచం దొరికింది. అద్దె ఇల్లు, బదిలీల ఉద్యోగం కనుక, విప్పి మళ్ళీ బిగించుకోదగిన సామాను కావాలన్నాడు మావాడు. అందులో తప్పేమీ లేదు. కూతురి సారెలో టేకు మంచం ఉండితీరాలని అప్పుచేసి, ఆ దిగులుతో నిద్ర కరవైన తండ్రులు నా వద్దకు వైద్యానికి వస్తూనే ఉంటారు.

నెల తిరగకుండానే నాలుగేళ్ళ మనుమడికి కళ్ళమంట, పొడిదగ్గు మొదలయ్యాయి. పడిశమనుకొని తులసిరసం తేనెతో ఇప్పించాను. మా ఇంట్లో ఉన్న రెండు రోజులూ దగ్గు లేదు. తిరిగి వెళ్ళగానే మళ్ళీ దగ్గు. అప్పుడు గాని నేను ఆ గదిలోకి వెళ్ళి చూడలేదు. పరుపు ఎత్తగానే వచ్చిన ఘాటుకు నా కళ్ళే నీళ్ళు పెట్టుకున్నాయి.

వేగిస కర్ర లోటాలో రాత్రంతా ఉంచిన నీటిని మధుమేహులు ఉదయం తాగే సంప్రదాయం పాఠకులకు తెలిసినదే. కర్రలోనిది నీటికి దిగుతుందని నమ్మే మనకు, పలకలోనిది గాలికి చేరుతుందని ఎందుకు తట్టదో! పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. పలకలను సాధారణంగా కర్రపొట్టును, నారను యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో కలిపి, వేడితో అదిమి తయారుచేస్తారు. ఆ జిగురు నుండి ఫార్మాల్డిహైడ్ వాయువు నెలల తరబడి కొద్దికొద్దిగా వెలువడుతుంది. వేడి, చెమ్మ పెరిగితే మరింత వెలువడుతుంది. ఓరుగల్లు ఎండకు కిటికీలు బిగించుకున్న గది సంగతి వేరే చెప్పాలా?

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దీనిని కాన్సర్ కారకమని నిర్ధారించింది. భయపడి మంచం వీధిలో పారవేయనక్కరలేదు. ఆ నిర్ధారణకు ప్రధానమైన ఆధారం పనిచేసేచోట ఏళ్ళ తరబడి దానిని పీల్చినవారిపై జరిగిన పరిశీలన. ఇళ్ళలో సాధారణంగా కనబడేవి కళ్ళమంట, గొంతు గరగర, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం.

పాతదంతా మేలని కూడా నేననను. అదే సంస్థ 1995లోనే కర్ర ధూళినీ ఆ జాబితాలో చేర్చింది. మన టేకుకు రంపం పట్టే వడ్రంగి ముక్కుకు గుడ్డ కట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. వదులైన నులకమంచం నడుమునొప్పి వారికి పనికిరాదు. నల్లుల సంగతి సరేసరి.

చౌక మంచం కొనేవారు ‘ఇ-1’ తరగతి పలకేనా అని దుకాణదారును అడగాలి. అందులో ఈ వాయువు తక్కువ. అంచులన్నీ మూసి ఉన్నాయో లేదో అడుగున చెయ్యిపెట్టి చూడాలి. మేము మంచాన్ని మూడు వారాలు వసారాలో ఆరబెట్టి, తెరచి ఉన్న అంచులకు పట్టీలు వేయించాము. వాసన చాలావరకు తగ్గింది. సాంబ్రాణి వేస్తే పోదా అని మా వియ్యపురాలు అడిగారు. పోదు; దగ్గే పిల్లవాడి గదిలో పొగ అదనంగా చేరుతుంది.

కర్రే కావాలనుకునేవారు పాత ఇళ్ళు విప్పినచోట దొరికే దూలాలను, ద్వారబంధాలను చూడవచ్చు. వేపకర్ర పట్టెలకు నవారు అల్లించుకొని, పైన మన కొత్తవాడ జంపఖానా పరుచుకోవచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

మా తండ్రిగారి పట్టెమంచం ఇప్పుడు అబ్బాయి ఇంటికి చేరింది. మనుమడు దానిమీద పడుకుంటున్నాడు. కొత్త మంచం మీద, కిటికీ తెరచుకొని, వాళ్ళ నాన్న పడుకుంటున్నాడు.