మీల్‌మేకర్ వద్దనడం లేదు, గుడ్డు తియ్యొద్దంటున్నాం



మొక్కల మాంసం, ఓట్ పాలు, బాదం పాలు, పనసకాయ కబాబ్. ఈ మధ్య మీ ఫోన్లలో కూడా ఈ వీడియోలు తిరుగుతున్నాయి. ఇవి తింటే భూమి చల్లబడుతుంది, మూగజీవాలు బతుకుతాయి అంటున్నారు. చివర్లో ఎవరో ఒకరు మన పేరు కూడా లాగుతారు: ఆదివాసీలు ప్రకృతి బిడ్డలు, వాళ్ళది ముందునుంచీ ఇలాంటి తిండే అని. పొగిడినట్టే ఉంటుంది. కానీ ఆ పొగడ్త తిరిగి తిరిగి మన హాస్టల్ కంచంలోకి ఎలా వస్తుందో చూడాలి. అందుకే ఇంత పొడుగు పోస్టు. ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. మొక్కల మాంసం మనకు కొత్తేం కాదు. ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చదివిన ప్రతి ఒక్కరూ తిన్నారు. దాని పేరు మీల్‌మేకర్. సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని యంత్రంలో వేడి మీద గట్టిగా ఒత్తి బయటికి నెడితే పీచుపీచుగా ఉబ్బి ముక్కలౌతుంది. నగరాల్లో ఫ్రీజర్లో దొరికే కొత్త సరుకు కూడా చాలావరకు ఇదే పద్ధతి. సోయా బదులు బఠానీ ప్రోటీన్ వేస్తారు, కొవ్వు కోసం కొబ్బరినూనె కలుపుతారు, ఉప్పు దండిగా వేస్తారు. అమెరికాలో ఇంపాజిబుల్ ఫుడ్స్ అనే కంపెనీ అయితే జన్యుమార్పిడి చేసిన ఈస్ట్‌తో హీమ్ అనే పదార్థం చేసి, నెత్తురు రంగు కూడా తెప్పించింది.

పెద్ద తేడా ధరలో. అలాంటి పావుకిలో ప్యాకెట్టు ఒకటి కొంటే దాదాపు ఒక రోజు ఉపాధి కూలి పోతుంది. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఆ కూలి 307 రూపాయలు. (డబ్బున్న దేశాల్లో కూడా దీన్ని అనుకున్నంత కొనడం లేదు లెండి. బియాండ్ మీట్ కంపెనీ 2019లో 25 డాలర్లకు షేరు అమ్మితే అదే ఏడాది రెండొందలు దాటింది. 2023 చివరికి పది డాలర్ల లోపుకు పడిపోయింది.)

మంచి చెప్పకుండా తిట్టడం మన పద్ధతి కాదు. ఎండు మీల్‌మేకర్ వంద గ్రాముల్లో సగం ప్రోటీనే. ముప్పై గ్రాములు, అంటే ఒక గుప్పెడు నానబెట్టి వండితే పదిహేను గ్రాముల ప్రోటీన్. గుడ్డులో ఆరే. పప్పుల్లోకెల్లా సోయా ప్రోటీన్ మాంసానికి దగ్గరగా ఉంటుంది కూడా. ధర తక్కువ. ఫ్రిజ్ అక్కర్లేదు. వానాకాలంలో వాగులు పొంగి కొండమీది హాస్టల్‌కు కోడి రాదు, కూరగాయ రాదు, అప్పుడు స్టోర్‌రూంలో ఉన్న మీల్‌మేకర్ బస్తాయే కదా పిల్లల్ని కాసేది. దాన్ని ఎందుకు తిడతాం?

తిట్టాల్సింది వేరే ఉంది. దాన్ని గుడ్డు బదులు, కోడి బదులు పెట్టి "రెండూ ఒకటే, ఇందులో ప్రోటీన్ ఇంకా ఎక్కువ" అనే లెక్కని. రెండూ ఒకటి కావు. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు, కంపెనీవాళ్ళు విడిగా కలిపితే తప్ప. మన మీల్‌మేకర్ బస్తాలో ఎవరూ కలపరు. అది తక్కువైతే నెత్తురు తగ్గుతుంది, నరాలు దెబ్బతింటాయి. సోయాలో ఇనుము ఉంది గానీ మాంసంలో ఇనుము ఒంటికి పట్టినంతగా పట్టదు. గుడ్డులో ఉండే ఎ విటమిన్ ఇందులో లేదు. నగరంలో వీగన్‌గా మారిన మనిషి మాత్ర వేసుకుంటాడు, పరీక్ష చేయించుకుంటాడు, రోజూ రెండు రకాల గింజలు నానబెట్టుకుంటాడు. మన ఐదో తరగతి పిల్లకు వార్డెన్ పెట్టిందే తిండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో దేశం మొత్తం మీద ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35.5 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎస్టీ పిల్లల్లో 40.9. ఈ పిల్లల కంచంలోంచా గుడ్డు తీసేది?

తీస్తారా అంటారేమో. డబ్బు లెక్క చూడండి. తెలంగాణలో 2024 చివర్లో డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. మంచిదే, కొట్లాడితే వచ్చింది. పెంచాక మూడు నుంచి ఏడో తరగతి పిల్లకు నెలకు 1330 రూపాయలు. రోజుకు నలభై నాలుగు. మూడు పూటలూ అందులోనే. కోడి ధర పెరిగిన నెలలో కాంట్రాక్టరుకు ఏ ముక్క చవగ్గా దొరుకుతుందో చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ అలా చేస్తే సిగ్గుపడేవాళ్ళు, బిల్లులో కోడి రాసుకునేవాళ్ళు. ఇప్పుడు "పర్యావరణం" అనే మంచి మాట దొరికింది.

ఇంకో మాట పాతది. మడి. 2015లో మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్, మాండ్లా, హోషంగాబాద్ జిల్లాల అంగన్‌వాడీల్లో పిల్లలకు గుడ్లు పెడదామని ప్రతిపాదన వచ్చింది. ఆదివాసీలున్న జిల్లాలు. అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ ఒప్పుకోలేదు, పాలు, అరటిపళ్ళు పెడతామన్నారు. తినే పిల్లలు అడిగారా గుడ్లు వద్దని? వాళ్ళ అమ్మలు అడిగారా? 2021 డిసెంబర్‌లో కర్ణాటకలో వెనకబడిన జిల్లాల బళ్ళలో గుడ్లు మొదలుపెడితే మఠాధిపతులు కొందరు ఆపమన్నారు. అప్పుడు గంగావతిలో ఒక బడిపిల్ల మైకు ముందు నిలబడి వాళ్ళకు ఎదురు జవాబు చెప్పింది, ఆ వీడియో దేశమంతా తిరిగింది. గుడ్లు ఆగలేదు. తర్వాత రాష్ట్రమంతా ఇచ్చారు. 2019లో జంషెడ్‌పూర్‌లో ఒక ఆదివాసీ అధ్యాపకుణ్ణి అరెస్టు చేశారు. చేసిన నేరం? గొడ్డుమాంసం తినడం మా హక్కు, మా ఆచారం అని రెండేళ్ళ కిందట ఫేస్‌బుక్‌లో రాయడం.

ఇక్కడ మీరు ఒక తేడా గుర్తుపట్టాలి. జంతువులను ఇరుకు బోనుల్లో కుక్కి పెంచడం చూసి మనసు విరిగి మాంసం మానేసిన మనిషి వేరు. అతని మాటలో నిజం ఉంది, అతనితో కూర్చుని మాట్లాడొచ్చు. "తినేవాడు అపవిత్రుడు" అనే మనిషి వేరు. ఇతనికి కోడి బాధ పట్టదు, మన పళ్ళెం అంటు మాత్రమే పడుతుంది. చిక్కేమిటంటే ఇప్పుడు ఈ రెండో మనిషి మొదటి మనిషి చొక్కా వేసుకుని తిరుగుతున్నాడు.

సరే, భూమి మాట. 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే పరిశోధకులు ప్రపంచంలోని వేల పొలాల లెక్కలు తీసి సైన్స్ పత్రికలో వేశారు. ఒక లీటరు ఆవుపాలకు సగటున దాదాపు తొమ్మిది చదరపు మీటర్ల నేల కావాలి, సోయా పాలకు ఒక్క మీటరు కూడా అక్కర్లేదు. వేడి పెంచే వాయువులు ఆవుపాలకు మూడింతలు. ఇది నిజమే, కాదనొద్దు. బాదం పాలకు నీళ్ళు మాత్రం బాగా తాగుతుంది. బ్రెజిల్‌లో గ్వారానీ కయోవా ఆదివాసుల నేలను లాక్కున్నవి పశువుల రాంచీలు, సోయా తోటలు, చెరకు తోటలు. ఆ సోయా ఎవరికోసం? ప్రపంచంలో పండే సోయాలో నాలుగింట మూడొంతులు కోళ్ళకు, పందులకు, పశువులకు దాణాగా పోతుంది. మనుషులు సోయా పాలుగా, టోఫుగా తినేది చాలా కొంచెం. కాబట్టి "సోయా తింటే అమెజాన్ అడవి పోతుంది" అని మాంసం కంపెనీల తరఫున వాదించే పని మనకొద్దు. కయోవాల నేల తిన్నది ఆ కంపెనీల వ్యాపారమే.

కానీ ఆ తొమ్మిది మీటర్ల లెక్కలో మన ఊరి మేక ఎక్కడుంది? పొదలు మేసి వచ్చే మేక, పెరట్లో పురుగులు ఏరుకునే నాటుకోడి, వాగులో పట్టిన చేపపిల్లలు, పండక్కి ఊరంతా పంచుకునే కూర. వీటికోసం ఎవరూ అడవి నరకలేదు. రోజూ మూడు పూటలా మాంసం తిన్నవాళ్ళు తగ్గించుకోవాలి, వాళ్ళకు ఈ ప్యాకెట్లు నిజంగా పనికొస్తాయి. పండగలకు పబ్బాలకు తినేవాడికి తగ్గించుకునేది ఏముంది?

పాల విషయంలో మాత్రం మన వాదన వేరుగా ఉండాలి, అందరూ కలిపి మాట్లాడేస్తున్నారు. తూర్పు కనుమల్లో మన పెద్దలు చాలామంది ఆవుని పెంచింది దున్నడానికి, పెంటకి. పాలు పితికేవాళ్ళు కాదు. పాలు దూడవి అనేవాళ్ళు. వీగన్ మిత్రులు ఈ మాట పట్టుకుని "చూశారా, మీరు పుట్టు వీగన్లు" అంటారు. దూడ పాలు దూడకు వదిలిన ఆ తాతే వేటకూడా పోయాడు, చెట్టు మీది ఎర్ర చీమల గూడు దులిపి పచ్చడి కూడా నూరాడు. ఒడిశాలో మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024 జనవరిలో జీఐ గుర్తింపు వచ్చింది, చీమ కూడా మాంసమే.

ఇక్కడ మొక్కల పాలకు న్యాయం చెయ్యాలి. పెద్దయ్యాక పాలు అరగనివాళ్ళు మనలో చాలామంది. గ్లాసు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పడతాయి. ఇది రోగం కాదు, ప్రపంచంలో సగానికి పైగా మనుషులకు ఇంతే. కానీ పథకం అంటే పాలు అనే రాస్తారు. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు గుడ్డుతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు. తాగలేక పారబోస్తే "వీళ్ళకు ఎంత ఇచ్చినా ఇంతే" అంటారు. అలాంటి తల్లికి పెరుగు ఇవ్వొచ్చు, మజ్జిగ ఇవ్వొచ్చు, మంచి సోయా పాలు ఇవ్వొచ్చు. ఎంచుకోమనండి. అయితే సోయా పాలల్లోనే ఆవుపాలంత ప్రోటీన్ ఉంటుంది. బాదం, ఓట్, బియ్యం పాలల్లో చాలావరకు నీళ్ళే. చిన్నపిల్లలకు ఆవుపాల బదులు అవి పోస్తే ఎండిపోతారు. డబ్బా మీద తెల్లగా బొమ్మ ఉన్నంత మాత్రాన పాలు అనుకోవద్దు. ఆహార భద్రతా సంస్థ కూడా 2021లో వీటిని పాలు అని పిలిచి అమ్మొద్దని చెప్పింది.

పనసకాయ సంగతి ఇంకా తమాషా. ఇప్పుడది "మొక్కల మాంసం" అయింది. నమిలితే మాంసంలా ఉంటుంది, నిజమే. పచ్చి పనసలో ప్రోటీన్ మాత్రం చాలా తక్కువ, గింజల్లోనే కాస్త ఎక్కువ. సీజన్లో ఏజెన్సీ సంతల్లో కాయ కాయ ఎంతకో ఒకంతకు పోతుంది, షావుకారు లారీ ఎక్కిస్తాడు. అదే కాయ ముక్కలై, మసాలా పూసుకుని, డబ్బాలో పడ్డాక కిలోల లెక్కన కాదు, గ్రాముల లెక్కన అమ్ముతారు. ఆదిలాబాద్‌లో మన గోండు రైతులు సోయా వేస్తున్నారు. 2024-25లో మద్దతు ధర క్వింటాకు 4,892 రూపాయలైతే బయట మార్కెట్లో అంతకు తక్కువకే అడిగారు. ఆ గింజే మీల్‌మేకర్‌గా తిరిగి ఆ రైతు బిడ్డ హాస్టల్‌కు వస్తుంది.

మొక్కల ప్రోటీన్ మీద ప్రభుత్వానికి అంత ప్రేమ ఉంటే చింతపల్లి, పాడేరు కొండల రాజ్మా కొనమనండి. మన ఉలవలు, బొబ్బర్లు, కందులు కొనమనండి. గిరిజన సహకార సంస్థ ఉన్నది దేనికి? చోడి జావలోకి కాసిన్ని ఉలవలు వేస్తే ఏ ప్యాకెట్టూ అక్కర్లేదు, ఆ డబ్బు మన ఊళ్ళోనే ఉంటుంది. అది గుడ్డుతో పాటు పెట్టాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీరు చదివిన హాస్టల్‌కు ఒకసారి వెళ్ళండి. గోడమీది మెనూ బోర్డు ఫొటో తియ్యండి. వారంలో గుడ్లు ఎన్నని రాశారు, పిల్లలు తిన్నవి ఎన్ని, కోడి రాసిన రోజున కంచంలో పడింది ఏమిటి, పిల్లల్నే అడగండి. పెద్దవాళ్ళ ముందు చెప్పరు, ఆటస్థలంలో అడిగితే చెబుతారు. లెక్క తేడా వస్తే తేదీలు వేసి కాగితం మీద రాసి, తల్లిదండ్రుల సంతకాలతో ఐటీడీఏ పీఓకి ఇవ్వండి, రసీదు తీసుకోండి. పాలు పడని పిల్లల పేర్లు వేరే కాగితంలో రాయండి. రెండూ కలిపి రాస్తే ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని తోసేస్తారు.