స్వరం పోలేదు, దారి తప్పింది

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి వైపు 65వ జాతీయ రహదారి వెంట విస్తరించిన పారిశ్రామిక ప్రాంతంలో రాత్రీ పగలూ తారుమారైన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చిన అబ్బా పగటివేళ నిద్రిస్తుంటారు. ఆ గదిలోనే ఒక మూల బిడ్డ ల్యాప్‌టాప్ తెరచి కూర్చుంటుంది. ఐఐటీ ప్రాంగణం గల కంది కావచ్చు, దాని చుట్టుపక్కల బస్తీలు కావచ్చు, ఇటువంటి ఇంట్లో హెడ్‌ఫోన్ విలాస వస్తువు కాదు. అది ఇంటివారి విశ్రాంతికి మనమిచ్చే మర్యాద.

స్వరాలను భద్రపరచడం ఈ జిల్లాకు కొత్త కాదు. జహీరాబాద్ సమీపంలోని మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. గ్రామీణ దళిత మహిళలే మైకు పట్టి, రికార్డు చేసి, కూర్పు చేసి, ప్రసారం చేయడం దాని ప్రత్యేకత. ఆనాడు స్టూడియోలో జరిగిన పనిని నేడు ఇంటిలోని ల్యాప్‌టాప్ మీదనే చేసుకోవచ్చు. 2000లో తొలిసారి విడుదలైన ‘ఆడాసిటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందుకు చాలును. దాదీ చెప్పే పాత ముచ్చట్లను, నానీ వివరించే వంట పద్ధతులను ఫోనులో రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లోకి మార్చి, అనవసరపు శబ్దాలను తొలగించి దాచుకునే కుటుంబాలు ఉన్నాయి. పెద్దల స్వరం మన చేతిలో అమానత్ వంటిది.

అయితే ‘ప్లే’ నొక్కితే తెరపై గీత కదులుతుంది, హెడ్‌ఫోన్‌లో మాత్రం నిశ్శబ్దం! రికార్డింగ్ పాడయిందనుకుని కొందరు దానిని తొలగించివేస్తారు. అసలు నష్టం అప్పుడే జరుగుతుంది. కాబట్టి మొదట ఫైలుకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. తరువాత తెరను పరిశీలించండి. అలల వంటి ఆకృతి కనిపిస్తే ఫైలులో శబ్దం ఉన్నట్లే. ఆసాంతం సన్నని సరళరేఖ మాత్రమే ఉంటే రికార్డింగే సరిగా జరగలేదేమో చూడాలి.

శబ్దం ఉన్నదని తేలిన తరువాత, వెతకడానికి ముందే ల్యాప్‌టాప్ వాల్యూమ్‌ను బాగా తగ్గించండి. లోపం సరికాగానే పెద్ద శబ్దం ఒక్కసారిగా చెవిని తాకే ప్రమాదం ఉన్నది. పిమ్మట మరో ప్లేయర్‌లో ఏదైనా ఆడియో వినిపించి చూడండి. అక్కడా వినబడకపోతే లోపం హెడ్‌ఫోన్‌లోనో, పిన్నులోనో, ల్యాప్‌టాప్ సెట్టింగులలోనో ఉంటుంది. అక్కడ వినబడితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే వెతకాలి.

తీగ ఉన్న హెడ్‌ఫోన్ అయితే పిన్ను పూర్తిగా లోపలికి వెళ్ళినదో లేదో చూడండి. పిన్ను సగమే దిగినప్పుడు, లేదా దాని ‘గ్రౌండ్’ తీగ తెగినప్పుడు ఒక వింత జరుగుతుంది. కుడి, ఎడమ చెవులకు సమానంగా రావలసిన మాట పరస్పరం రద్దై సన్నగిల్లుతుంది, వెనుకనున్న ఇతర శబ్దాలు మాత్రం వినిపిస్తాయి. దాదీ మాట మాయమై చుట్టుపక్కల సందడి మిగిలితే తప్పు రికార్డింగుది కాకపోవచ్చు.

సాఫ్ట్‌వేర్‌లో తరచుగా ఎదురయ్యే కారణం మరొకటి. ఆడాసిటీ తెరచిన తరువాత హెడ్‌ఫోన్ తగిలిస్తే ఆ కొత్త పరికరాన్ని అది గుర్తించకపోవచ్చు, శబ్దాన్ని పాత దారిలోనే పంపుతుంది. 3.2, ఆ తరువాతి 3వ శ్రేణి వెర్షన్లలో ‘ఆడియో సెటప్’ బటన్ నొక్కి, ‘రీస్కాన్ ఆడియో డివైసెస్’ ఎంచుకుని, ఆపైన ‘ప్లేబ్యాక్ డివైస్’ జాబితాలో మీ హెడ్‌ఫోన్ పేరును ఎంపిక చేయండి. పాత వెర్షన్లలో రీస్కాన్ సదుపాయం ‘ట్రాన్స్‌పోర్ట్’ మెనూలో ఉంటుంది. అదీ ఫలించకపోతే పనిని సేవ్ చేసి, హెడ్‌ఫోన్ తగిలించి, సాఫ్ట్‌వేర్‌ను మూసి మళ్ళీ తెరవండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లది వేరే కథ. వాటిలో చాలా రకాలకు రెండు దారులు ఉంటాయి: ఒకటి వినడానికి మేలైన స్టీరియో దారి, రెండవది ఫోను సంభాషణల దారి. వాటి మైకు పని ప్రారంభించగానే పరికరం రెండవ దారికి మారుతుంది. శబ్దం పాత టెలిఫోనులో వలె మొద్దుబారుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. రికార్డింగుకు ల్యాప్‌టాప్ సొంత మైకును, వినడానికి మాత్రమే హెడ్‌ఫోన్‌ను ఎంచుకుంటే చాలావరకు సమస్య తీరుతుంది.

ఇంకా మూడు చిన్న విషయాలు ఉన్నాయి. ట్రాక్ ఎడమ వైపున ‘మ్యూట్’ నొక్కి ఉన్నదేమో చూడండి. వేరొక ట్రాక్‌పై ‘సోలో’ నొక్కి ఉన్నా మిగిలినవి మౌనం వహిస్తాయి. విండోస్ ‘వాల్యూమ్ మిక్సర్’లో ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌కు వేర్వేరు స్థాయి ఉంటుంది. అక్కడ ఆడాసిటీ సున్నాలో ఉంటే మిగతా అన్నీ పలికినా అది పలకదు. ఇక ఒక్క ఎడమ చెవికే వినిపిస్తుంటే, ట్రాక్ పేరు వద్దనున్న మెనూలో ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ ఎంచుకుని, ఖాళీగా ఉన్న సగాన్ని తొలగించండి. మాట రెండు చెవులకూ చేరుతుంది.

వినబడిన ఆనందంలో చెవులను మరువరాదు. పెద్దలకు వారానికి 40 గంటలు, సగటున 80 డెసిబెల్స్ మించకుండా వినడం సురక్షితమైన పరిమితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. శబ్దం పెరిగేకొద్దీ ఆ వ్యవధి త్వరత్వరగా తగ్గిపోతుంది. రోజంతా యంత్రాల హోరులో పనిచేసి వచ్చినవారు హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు చెవులకు కొంత విశ్రాంతి ఇవ్వడం మంచిది.

పై ప్రయత్నాలన్నీ చేసినా ఫలితం లేకపోతే ల్యాప్‌టాప్‌ను మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్ళవలసి రావచ్చు. ఇంటి నుండి బయలుదేరే ముందే రికార్డింగులన్నిటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. ప్రాజెక్టు ఫైలుతో పాటు ‘వేవ్’ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిని కూడా ఉంచండి. తమను అడగకుండా ఫార్మాట్ చేయవద్దని దుకాణదారుకు ముందే స్పష్టంగా చెప్పండి. హెడ్‌ఫోన్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, దాదీ గొంతును కొనుక్కోలేము.