సూచిక చెడిన ఉత్తరముల పెట్టె



మా చెల్లెలు వివాహానంతరము విదేశమునకేగి యెనిమిదేండ్లైనది. ఆమె వ్రాసిన యీమెయిలు ఉత్తరములన్నియు మా కంప్యూటరులో భద్రముగా నున్నవని నిశ్చింతగా నుంటిమి. గతమాసమున నొకనాడు వానిని చదువుకొనుటకై ఉత్తరముల ప్రోగ్రామును దెరవగా జాబితాలో కొన్ని వరుసలు ఖాళీగా నుండెను. ఒకరి పేరు మీద నొక్కినచో వేరొకరి యుత్తరము వచ్చుచుండెను. యంత్రమంతయు మందగించెను. మావారు విద్యార్థుల మార్కుల పట్టికను దెరువబోగా నదియు పది నిమిషములకు గాని రాలేదు.

బాగుచేయు నతనిని పిలిపించితిమి. అతడు చూచి, "అమ్మా! అన్నియు తుడిచివైచి మరల నెక్కింపవలెను, లేదా క్రొత్తది కొనుడు" అనెను. తుడిచివైచుట యను మాట వినగానే మా గుండె ఝల్లుమనెను. మా తల్లిగారు పోయిననాడు రాలేక చెల్లెలు వ్రాసిన యుత్తరము అందులోనే యున్నది. ఒక్కదినము గడువడిగి అతనిని పంపివైచితిమి.

మరునాడు మావారు బడికేగిన పిదప, ప్రోగ్రాముతో వచ్చిన సహాయపుటలను చదువ గూర్చుంటిమి. నిఘంటువు చేతబట్టి కావ్యములు చదువుకొన్న వారికి ఇది యసాధ్యమా!

గ్రంథమునకు విషయసూచిక యున్నట్లే, మా ప్రోగ్రాము ఉత్తరములనొక ఫైలులోను, పంపినవారి పేరు, తేదీ మొదలగువానిని వేరొక సూచికఫైలులోను వ్రాసికొనును. తెరపై కనబడు జాబితా యీ సూచికనుండియే వచ్చును. హఠాత్తుగా విద్యుత్తు పోయినపుడు సూచిక చెడవచ్చును. అప్పుడు ఉత్తరములు చెడకున్నను జాబితా తప్పుగా గనబడును. ప్రోగ్రాము దానితో పెనుగులాడుచు ప్రాసెసరు నాక్రమించుకొనును. మరియు, మనము తొలగించితిమనుకొన్న యుత్తరములు సైతము ఫోల్డరును కాంపాక్టు చేయునంతవరకు ఆ ఫైలులోనే యుండి బరువు పెంచుచుండును.

మేము చేసిన దిది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటల నొక్కసారిగా నొక్కి టాస్కు మేనేజరును జూడగా, ప్రాసెసరును మ్రింగుచున్నది ఉత్తరముల ప్రోగ్రామే యని తేలెను. దానిని మూసి, ఉత్తరములన్నిటిని పెన్‌డ్రైవులోనికి నకలు దీసితిమి. పిదప ఫోల్డరు ప్రాపర్టీలలోని 'రిపేరు ఫోల్డరు' నొక్కగా క్రొత్త సూచిక వ్రాయబడెను. తుదకు కాంపాక్టు చేసితిమి. అప్పటికిని తెర మసకగానే యున్నచో, సెట్టింగులలో హార్డువేరు యాక్సిలరేషనును ఆపి చూడవలెను. అది చిత్రములు గీయు భాగమునకు సంబంధించిన దోషము. ప్రోగ్రామును బట్టి యీ పేర్లు మారవచ్చును.

ఇంకొక్క మాట. ఐమ్యాపు పద్ధతిని వాడువారి యుత్తరములు సాధారణముగా సర్వరునందును ఉండును గాన మరల దించుకొనవచ్చును. మావలె పాప్ పద్ధతిలో దించుకొని సర్వరునుండి తీసివైచినవారికి ఇంటనున్న ప్రతియే దిక్కు. అది తుడుచుకొనిపోయిన మరల రాదు.

సాయంకాలము మావారు పట్టికను దెరువగా క్షణములో దెరచుకొన్నది. "ఎవరు వచ్చి బాగుచేసిరి?" అని యడిగిరి.

"ఎవరును రాలేదండీ" అని, చెల్లెలి యుత్తరమును దెరచి ఆయనకు చదివి వినిపించితిమి.

కావున సోదరీమణులారా, యంత్రము మొరాయించినపుడు ముందుగా నకలు దీయుడు. తుడిచివైచుట యెల్లప్పుడును కట్టకడపటి మాటగా నుండనిండు.