‘మెదడులో కెమికల్ తగ్గింది’ అనడం ఇకనైనా మానుదాం

"మెదడులో కెమికల్ తగ్గిందట డాక్టరుగారూ" అని కంచరపాలెంలో ఇప్పటికీ దారిలో ఆపి చెప్పేవారున్నారు. ఆ మాట వారికి నేర్పింది మా వైద్యులమే. సర్కారు కొలువులో ఉన్నన్నాళ్లూ నేనూ అదే చెప్పాను. ఓపీ గది బయట వందమంది నిలబడి ఉన్నప్పుడు ఒక్క వాక్యంలో ముగిసే వివరణ ఎంత హాయి! కాని సెరటోనిన్ తగ్గడమే కుంగుబాటుకు కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని, 2022లో లండన్‌కు చెందిన జొవానా మాన్‌క్రీఫ్ బృందం పూర్వపు పరిశోధనలను సమీక్షించి తేల్చింది. మందులు ఎందరికో మేలు చేస్తాయి, నిజమే. పారాసెటమాల్‌తో జ్వరం దిగినంత మాత్రాన, ఒంట్లో అది లోపించడం వల్లనే జ్వరం వచ్చిందనగలమా?

2014 అక్టోబరు 12న మన నగరాన్ని కకావికలు చేసిన హుద్‌హుద్‌కు ఏ మేఘం కారణం? కడలి వేడి, గాలి, తేమ ఒకదానినొకటి రెచ్చగొట్టుకుంటూ పోయి, ఒక హద్దు దాటాక సుడి తనను తానే పోషించుకుంది. శాస్త్రజ్ఞులు ఇటువంటివాటిని సంక్లిష్ట వ్యవస్థలంటారు. సుమారు 8,600 కోట్ల నాడీకణాల మెదడు, దానిని చుట్టుకున్న ఇల్లు, కొలువు, అప్పు కలిసి అల్లిన మనసు తుపాను కంటె సరళమైనదా?

రాత్రి డ్యూటీ చేసే కార్మికుని సంగతే చూడండి. పగలు నిద్ర పట్టదు. విసుగు పెరిగి ఇంట్లో తగవులు. నిద్ర కోసం మద్యం, అది మిగిలిన కాస్త నిద్రనూ చెరుపుతుంది. పనిలో పొరపాట్లు, జీతంలో కోత, అప్పు, మళ్లీ నిద్రలేమి. ఇందులో కారణమేది, ఫలితమేది? లక్షణాలు ఒకదానినొకటి పుట్టించుకునే ఆ అల్లికే జబ్బు అని డచ్ శాస్త్రవేత్త డెనీ బోర్స్‌బూమ్ వాదన. చిన్న బాధ నుంచి తేరుకోవడం నెమ్మదించడం రాబోయే కుంగుబాటుకు ముందు సూచన కావచ్చని 2014లోనే ఒక అధ్యయనం చెప్పింది. "ఈ మధ్య కోపం చల్లారడానికి మునుపటికంటె ఎక్కువసేపు పడుతోందా?" అని అడగడానికి స్కానింగు యంత్రం అక్కరలేదు, పది నిమిషాల ఓపిక కావాలి. మా ఆసుపత్రులలో కరువైనది అదే.

"సంక్లిష్టమంటే చేతులెత్తేయడమే గదా" అని తోటి వైద్యులు నన్ను ఎద్దేవా చేస్తారు. హుద్‌హుద్ రాకముందే హెచ్చరికలు వచ్చాయి, తీరప్రాంతాలవారిని తరలించారు. అది చేతులెత్తేయడమా? ఇదే మాటను పట్టుకుని ‘క్వాంటం ధ్యానం’ అమ్ముకునేవారితో మాత్రం నాకు పొత్తు లేదు.

ఇది చదివి ఎవరూ హఠాత్తుగా మందులు మానవద్దు. మీ నిద్రవేళలు, కోపతాపాలు, ఇంటి చిక్కులు ఒక వారంపాటు కాగితంమీద రాసి మీ వైద్యుని ముందు పెట్టండి. చూడకుండా పక్కకు నెడితే, చదవమని గట్టిగా అడగండి.