ఉప్పుగాలి యిచ్చు తీర్పు

తీరవాసులకు తుప్పును గూర్చి వేరొకరు బోధింప నక్కఱ లేదు. సూర్యలంక గాలికి కిటికీ ఊచలేమగునో బాపట్లవా రెఱుగుదురు. నిజాంపట్నపు రేవున మరపడవల మేకులేమగునో రేపల్లెవా రెఱుగుదురు. ఈ సామాన్యానుభవము దేశమునకు మిక్కిలి యక్కఱకు వచ్చు కాలము సమీపించినది.

2023 జనవరిలో కేంద్రప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజను పథకము నామోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజనిని, ఎండగాలుల వలన గలుగు విద్యుత్తుతో నీటినుండి విడదీయవలెనని సంకల్పము. 2025 జనవరి 8వ తేదీన అనకాపల్లి జిల్లా పూడిమడకలో అట్టి కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. సంతోషమే. కాని తీసిన వాయువును దాచుటెట్లు? అసలు చిక్కు అచ్చట నున్నది.

ఉదజని సర్వపదార్థములలో తేలికైనది. బరువునకు బరువు పెట్రోలుకంటె దాదాపు మూడింతల శక్తి నిచ్చును. అయినను సామాన్యపీడనమున ఒక్క కిలో 11 ఘనమీటర్లకు మించిన చోటు నాక్రమించును. దానిని వాయుమండల పీడనమునకు 700 రెట్ల యొత్తిడితో నణచవలెను. లేదా సున్నకు దిగువ 253 డిగ్రీలవఱకు చల్లార్చి ద్రవము చేయవలెను. లేదా లోహముచే త్రాగింపవలెను. లాంథనము, నికెలు కలిసిన మిశ్రలోహము 100 కిలోలు కిలోన్నరకు లోపుగనే త్రాగును. మెగ్నీషియము ఏడు కిలోలకు పైగా త్రాగును గాని, విడిచిపెట్టుటకు 300 డిగ్రీల వేడిమి కోరును.

అంతటితో తీరలేదు. ఈ వాయువు ఉక్కులోనికి జొరబడి దానిని పెళుసుబార్చును. వెలుపల ఉప్పుగాలి, లోపల ఉదజని: బయటిదొంగకు ఇంటిదొంగ తోడైనట్లున్నది. తుత్తునాగపు పూత తాను క్షయించి ఇనుమును బయటిదొంగనుండి కాపాడును. అల్యూమినియము ఆక్సైడు వంటి పలుచని పూత ఇంటిదొంగ ప్రవేశమును చాలవఱకు నిరోధించును.

ఇట్టి విద్యలను పరులు సులభముగ నీయరు. 1993లో రష్యా, అమెరికా యొత్తిడికి లోబడి, క్రయోజెనిక్ యంత్రవిద్యను మనకిచ్చుట మానుకొన్నది. ద్రవోదజనితో నడచు స్వదేశీయంత్రము శ్రీహరికోటనుండి జయప్రదముగ నెగురుటకు 2014 జనవరి 5 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఇరువదియేండ్ల యా యాలస్యమును మరల కొనితెచ్చుకొందుమా?

ఇది శాస్త్రజ్ఞుల పని, మనకేల యని కొంద రందురు. హైదరాబాదు చెంత బాలాపురమున చూర్ణలోహ, నూతనపదార్థ పరిశోధన కేంద్రము పూతలవిద్యయందు కృషి సల్పుచునే యున్నది. కాని సాక్ష్యము లేని వాదము నిలువదని న్యాయవాదులమైన మే మెఱుగుదుము. పూతకు కడపటి సాక్షియు, న్యాయాధిపతియు సముద్రపు గాలియే. అది మన వాకిట నున్నది.

బాపట్ల ఇంజనీరింగు కళాశాల, తెనాలి రేపల్లె విద్యాలయములతో గలసి, పలువిధముల పూతలు గల ఉక్కుపలకలను సూర్యలంకలోను, నిజాంపట్నపు రేవునను, తెనాలి మిద్దెలపైనను వ్రేలాడదీయరాదా? ఏటేటా తూచి, ఎంత క్షయించెనో తెలుగున ప్రకటింపరాదా? వ్యయ మత్యల్పము; వలసినది ఓపిక.

1913లో ప్రథమాంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగినది. నాడు మనవారు రాష్ట్రము కావలెనని యడిగిరి. నేడు మన మెవ్వరి నడుగనక్కఱలేదు. పలకలను వ్రేలాడదీసిన చాలును.