సున్నా వేరు, ఖాళీ వేరు

పిల్లలూ! మన ఒంటిమిట్ట వైపు వాన పడని రోజులే ఎక్కువ. అయినా వర్షమాపకాన్ని ప్రతిరోజూ ఉదయం 8.30 గంటలకు చూసి లెక్క వ్రాయవలసిందే. చుక్క పడకపోతే సున్నా వేయాలి. ఎందుకంటారా? సున్నా అంటే "చూశాను, వాన లేదు" అని అర్థం. గడి ఖాళీగా వదిలితే వాన లేదో, చూసినవారే లేరో తెలియదు.

ఇప్పుడు చాలా చోట్ల యంత్రాలే వేళ ప్రకారం కొలిచి, కంప్యూటరు చిట్టాకు లెక్క పంపుతున్నాయి. ఆ చిట్టాకు కాపలా కాసే ప్రోగ్రాము, వేళకు లెక్క రాకపోతే వెంటనే హెచ్చరించాలి. రాని లెక్కను సున్నా అనుకోరాదు.

2021 నవంబరు 19న, కుండపోత వానలకు చెయ్యేరు పొంగి, అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. రాజంపేట వైపు ఊళ్ళు మునిగాయి. అటువంటి వేళ ఒక్క లెక్క రాకపోయినా ఎంత ముప్పో ఆలోచించండి!

మీరూ ఒక నెల వాన లెక్క వ్రాయండి. సున్నాలు మాత్రం మరవకండి.